మైకులో పడ్డ మాట

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఒక మాట మీద నిషేధం నడిచింది. పెట్టినవాడు మా నాన్న. అది తిట్టూ కాదు, బూతూ కాదు. "చాలు" అనే మాట.

కంచంలో కూర వడ్డిస్తుంటే ఎవరైనా ఏమంటారు? చాలంటారు. మా నాన్న అనేవాడు కాదు. గరిటె మీద గరిటె పడుతున్నా ఊరుకునేవాడు. చిక్కుడు గింజల పులుసు అంచు దాటి బల్ల మీద పరిచిన గుడ్డ మీదికి కారుతున్నా, చేతులు ఒళ్ళో పెట్టుకుని నా మొగుడి వంకే చూస్తూ కూర్చునేవాడు. చివరికి నేనే విసుక్కుని గరిటె గిన్నెలో పడేసేదాన్ని.

"ఏమిటి నాన్నా ఇది? చిన్నపిల్లాడి చేష్టలు!"

"ఈ ఊళ్ళో వాళ్ళు పుస్తకం మొత్తాన్నే ఆపేస్తే నేను ఒక్క మాట ఆపకూడదా? నా ఇంట్లో, నా బల్ల దగ్గర ఆ మాట వినపడితే లేచిపోతా," అనేవాడు. తర్వాత ఎంతో మర్యాదగా, "ఛైర్మన్ గారూ, ఆ ఉప్పు డబ్బా ఇటు అందుకోండి," అనేవాడు.

ఛైర్మన్ గారంటే మా ఆయన ఆల్విన్. అంతకు ముందు ముప్ఫయ్యేళ్ళ పాటు మా నాన్న అతన్ని "ఒరేయ్ ఆల్విన్" అనే పిలిచాడు. తండ్రి లేని మనిషి కాబట్టి ఆల్విన్ కూడా మా నాన్నని నాన్నా అనే పిలిచేవాడు. ఇల్లు మా నాన్నది. నారింజ తోటల్లో కూలి చేస్తూ, ఆదివారాలు ఒక్కో చెక్కా కొట్టుకుంటూ కట్టుకున్నాడు. మేమే ఆయన దగ్గర ఉంటున్నాం. ఎనభై దాటినా ఆ ఇంట్లో పెద్దరికం ఎవరిదో ఎవరూ అడగనక్కర్లేదు.

ఆ "ఛైర్మన్ గారూ" విన్నప్పుడల్లా ఆల్విన్ చెవులు ఎర్రబడేవి. నల్లవాడి చెవులు ఎర్రబడతాయా అంటారా? ముప్ఫయ్యేళ్ళు కాపురం చేసినదానికి తెలుస్తుంది.

ఇదంతా స్కూలు బోర్డు పెట్టుకున్న ఒక నియమంతో మొదలైంది.

హాలిస్ అనేది ఫ్లారిడా రాష్ట్రంలో సముద్రానికి దూరంగా, తోటల మధ్యనున్న మా ఊరు. అక్కడి బళ్ళని నడిపే, ఓట్లతో ఎన్నికయ్యే స్కూలు బోర్డుకి ఆల్విన్ ఛైర్మన్. ఆ కుర్చీలో మా వాళ్ళలో కూర్చున్న మొదటివాడు. నేను ఆ ఊరి హైస్కూల్లోనే లైబ్రరీ చూస్తాను. మొగుడు బోర్డులో, పెళ్ళాం లైబ్రరీలో. ఊళ్ళో పుస్తకాల గొడవ మొదలయ్యాక మా సంసారం ఎంత కళకళలాడిందో మీరే ఊహించుకోండి.

చలికాలంలో బోర్డు ఆ నియమం చేసింది. ఆల్విన్ వద్దన్నాడు, మిగతా వాళ్ళు చేతులెత్తారు. పైకి చూస్తే నియమం చాలా బుద్ధిగా ఉంటుంది. ఏదైనా పుస్తకం మీద అభ్యంతరం ఉంటే, అభ్యంతరమైన పేజీని సభలో, మైకు ముందు, అందరూ వినేలా చదవాలి. ఛైర్మన్ చివరిదాకా చదవనిస్తే పుస్తకం బడిలోనే ఉంటుంది. మధ్యలో ఆపించాడా, ఇక అంతే. పెద్దవాళ్ళే వినలేని పేజీ పిల్లలకెందుకని మర్నాడే ఆ పుస్తకం అల్మరా దిగాలి. విచారణ లేదు, ఓటు లేదు.

బోర్డు లాయరు పికెన్స్ మంచివాడో చెడ్డవాడో నాకిప్పటికీ తెలియదు, కానీ తెలివైనవాడు. ఆల్విన్‌ని పక్కకి పిలిచి, "నువ్వు చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం. వాళ్ళు ఏం చదివినా సరే. దగ్గొచ్చినా మింగెయ్యి," అన్నాడు.

ఆ వసంతమంతా మా ఆయన మింగాడు. పిప్పరమెంటు బిళ్ళలు జేబునిండా పోసుకుని వెళ్ళి, ఒకటి తర్వాత ఒకటి నములుతూ కూర్చునేవాడు. ఎదురుగా మైకు దగ్గర డార్లీన్ స్టబ్స్ నిలబడేది.

డార్లీన్ పిల్లలు బడి దాటి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తుండదు. అయినా మా లైబ్రరీ మీద ఆవిడకున్న శ్రద్ధ ఏ తల్లికీ లేదు. పుస్తకం మొత్తం చదవదు. పేజీ చదువుతుంది. కానీ ఆ చదవడం ఒక విద్య. ఇంట్లో కుక్క ఈనిందని రాసిన పుస్తకాన్ని కూడా, మధ్యమధ్య ఆగి, గొంతు తగ్గించి, పెదాలు తడుపుకుని, సిగ్గుపడాల్సిన విషయం చదువుతున్నట్టే చదివేది. వెనక వరసలో ఆవిడ స్నేహితురాళ్ళు విసనకర్రలు ఊపుకుంటూ అరిచేవాళ్ళు.

"ఆపించవయ్యా ఆల్విన్! పసిపిల్లలున్నారిక్కడ!"

ఆ పసిపిల్లల్ని ఆ పూట సభకి తీసుకొచ్చింది కూడా వాళ్ళే.

ఆల్విన్ ఆపించలేదు. బిళ్ళ బుగ్గన పెట్టుకుని, "ధన్యవాదాలు మిసెస్ స్టబ్స్. తర్వాత ఎవరు?" అనేవాడు. అంతే. కుక్క పుస్తకం బతికింది. ఆడపిల్ల పెద్దమనిషయ్యే పుస్తకం బతికింది. ఇద్దరు తండ్రులున్న పెంగ్విన్ పిల్ల కూడా బతికింది. నెలనెలా ఓడిపోయి ఇంటికి వెళ్తుంటే డార్లీన్ మొహం చూసి నేను పండగ చేసుకునేదాన్ని. ఆవిడ ఊరుకునే రకం కాదని నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

ఏప్రిల్ చివర్లో ఆవిడ మా పుస్తకం పట్టుకుంది.

"బురదలో పిల్లలు" అని సన్నటి పుస్తకం. మా పేటలో పాఠాలు చెప్పిన ఇడెల్లా టీచరు, పోయేలోగా, పేటలోని ముసలివాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి, సొంత డబ్బుతో అచ్చేయించింది. వందేళ్ళ కిందట మా వాళ్ళు కొందరు ఓటెయ్యడానికి వెళ్ళారు. ఆ సాయంత్రమే తెల్లవాళ్ళు పేట తగలబెట్టారు. హాలిస్‌లో ఈ ముక్క ఏ రాయి మీదా లేదు. ఏ పాఠంలోనూ లేదు. ఆ పుస్తకంలో ఉంది. మధ్యలో ఒక పేజీ మా నాయనమ్మ పర్లీది, అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్ల. నాయనమ్మ సమాధి మీద పెట్టిన చెక్క శిలువ నా చిన్నప్పుడే పుచ్చి పడిపోయింది. ఆమె మాట మిగిలింది ఆ పేజీలోనే.

పేట అంటించడానికి కిరసనాయిలు ఏ కొట్టునుంచి వచ్చిందో కూడా ఆ పుస్తకంలో ఉంది. స్టబ్స్ వారి కొట్టు. డార్లీన్ మొగుడి తాతగారిది. ఆ కొట్టు ఇప్పటికీ ఉంది, మేకులూ రంగులూ అమ్ముతారు.

విషయం తెలిసిన రోజు నాన్న చర్చికి వేసుకునే టోపీ పెట్టుకుని నన్ను కారు తియ్యమన్నాడు. తిన్నగా ఆ కొట్టుకే వెళ్ళాం. డార్లీన్ గల్లా దగ్గరుంది.

"వచ్చే సభలో మా అమ్మ పేజీ చదువుతావట," అన్నాడు నాన్న.

"హోజియా గారూ, మీ మీద నాకేం కోపం లేదండీ. మీ అమ్మగారి మీద అసలే లేదు. పిల్లలు జడుసుకుంటారని, అంతే. పడుకుంటే నిద్ర పట్టదు, ఆ పేజీ చదివితే."

"మా అమ్మకీ పట్టేది కాదు."

డార్లీన్ గల్లా సొరుగు మూసింది.

"నువ్వు చదవొద్దు. మా అమ్మ మాట నీ నోట్లో ఇమడదు. నేను చదువుతా," అన్నాడు నాన్న.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి నవ్వింది. "చదవండి. ఎవరు చదివినా నియమం ఒకటే. ఇంకేమైనా కావాలాండీ? మేకులా, బల్బులా?"

"కిరసనాయిలు ఇంకా అమ్ముతున్నారా మీరు?"

డార్లీన్ నవ్వు చప్పున ఆరిపోయింది. నాన్న టోపీ అంచు పట్టుకుని వంగి మర్యాద చేసి బయటికి నడిచాడు. కారులో కూర్చున్నాక కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ ఏడాది ఆయన అలా నవ్వడం అదే ఆఖరు.

"ఒకసారి నా ముందు చదివి చూసుకో నాన్నా," అని బతిమాలాను సభ ముందురోజు.

"మా అమ్మ మాట చదవడానికి నాకు రిహార్సల్ ఏమిటే?" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఆయన ఆ పేజీ కళ్ళతో ఎన్నోసార్లు చదివాడు. పైకి ఒక్కసారీ చదవలేదు.

సభ హాలు కిక్కిరిసిపోయింది. మా పేట వాళ్ళు ఒకవైపు, డార్లీన్ మనుషులు ఒకవైపు. ఎవరూ కూర్చోమని చెప్పకుండానే అలా విడిపోయారు. ఆల్విన్ నాన్నని పిలవడానికి ముందు నీళ్ళు తాగాడు.

"మిస్టర్ పెట్వే, మీకు మూడు నిమిషాలు ఉన్నాయండీ."

"తెలుసండీ ఛైర్మన్ గారూ," అన్నాడు నాన్న. రెండు వైపులా నవ్వారు. ఆ మాట అప్పటికి వేళాకోళమే.

నాన్న కళ్ళజోడు సర్దుకుని, తన సొంత ప్రతి తెరిచి మొదలుపెట్టాడు. పిల్లలకి కథ చెబుతున్నట్టు, తొందర లేకుండా.

"మా అమ్మ మమ్మల్ని బురదలోకి దింపింది. నీళ్ళు నా మెడ దాకా ఉన్నాయి. తమ్ముడు నా చంకలో ఉన్నాడు. గట్టు మీద మనుషులు దీపాలు పట్టుకుని తిరుగుతున్నారు. ఒకడు పాట పాడుతున్నాడు. నాకు ఆ గొంతు తెలుసు, కొట్లో మాకు చక్కెర తూచే మనిషి గొంతు. తమ్ముడు ఏడవబోయాడు. వాడి నోరు ముయ్యి పర్లీ, అంది అమ్మ. మూశాను. వాడు గింజుకున్నాడు. ఇంకా గట్టిగా మూశాను. పాట దూరంగా పోయింది. అప్పుడు అమ్మ నాతో అంది..."

అక్కడ ఆగిపోయాడు.

తర్వాతి మాట మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. మోకాళ్ళు వణుకుతున్నాయి. కళ్ళజోడు కిందనుంచి నీళ్ళు కారి గడ్డం మీదుగా పేజీ మీద పడుతున్నాయి. డార్లీన్ స్నేహితురాళ్ళ విసనకర్రలు కూడా ఆగిపోయాయి. నాకు లేచి వెళ్ళి పట్టుకోవాలనుంది, కానీ వెళ్తే చంపేస్తాడు. వెళ్ళనక్కర్లేదనీ తెలుసు. నిలదొక్కుకుంటాడు. కాస్త సమయం ఇస్తే చాలు, ఆ మాట దాటేస్తాడు. దాటడానికే అంత దూరం వచ్చాడు.

ఆల్విన్ ముందుకి వంగాడు. ఛైర్మన్ మొహం కాదది. ఇంట్లో, నాన్న మెట్ల మీద తూలినప్పుడు పెట్టే మొహం.

"చాలు నాన్నా," అన్నాడు మెత్తగా. "ఇక కూర్చో."

నాన్న తలెత్తి చూశాడు.

అవతలి వరసలో డార్లీన్ అప్పటికే లేచి నిలబడింది. "ఛైర్మన్ గారు ఆపించారు. రాసుకోండి," అంది.

"ఆపించడమేమిటి?" అన్నాడు ఆల్విన్. "నేను ఛైర్మన్‌గా అనలేదు. ఆయన మా మామగారు. పడిపోతాడేమోనని..."

లాయరు పికెన్స్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మైకు ఆన్‌లో ఉంది ఆల్విన్," అన్నాడు.

నేను అరిచాను. ఏమని అరిచానో సగం గుర్తులేదు. ముసలాయనకి కుర్చీ చూపిస్తే పుస్తకం ఆపినట్టా అన్నాను. మీరు మనుషులా అన్నాను. తలుపు దగ్గర నిలబడ్డ పోలీసు రెండడుగులు ముందుకి వేశాడు. డార్లీన్ నా వైపు తిరిగి, నిజంగానే జాలి పడుతున్నట్టు, "నియమం మేం తెచ్చాం, ఒప్పుకుంటాను. కానీ ఆ మాట అన్నది మీ ఆయనే కదమ్మా వర్నెల్," అంది.

చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టలేకపోయింది పోలీసు భయంతో కాదు. ఆవిడ అన్నది నిజం.

కారులో నాన్న ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఇంటి ముందు ఇంజను ఆపాక, దిగబోతూ, "ఎవరికి చాలింది ఛైర్మన్ గారూ?" అన్నాడు. అంతే. లోపలికి పోయాడు.

వంటింట్లో నేను ఆల్విన్‌ని వదల్లేదు.

"జాలేసింది నెల్. నా కళ్ళముందు అలా వణుకుతుంటే..."

"నీ జాలి తగలెయ్య! డార్లీన్ ఇన్ని నెలలు గొంతు చించుకున్నా చెయ్యలేని పని నీ జాలి ఒక్క మాటతో చేసి పెట్టింది. కుక్కలు ఈనడం విన్నావు. నీలాంటివాళ్ళని ఈ దేశంలోంచి తరిమెయ్యాలని ఒక పుస్తకంలో ఎవడో అన్న మాట వాళ్ళు నీ మొహం మీదే చదివితే విన్నావు. నీ సొంత మామగారు ఒక్క నిమిషం ఏడిస్తే వినలేకపోయావా?"

"నేను ఎందుకన్నానో నీకు తెలియదా?"

"నాకు తెలుసు. ఆ నియమానికి తెలియదు. ఎందుకన్నావని ఆ నియమం అడగదు. అది తెలిసే రాశారు వాళ్ళు."

అతను సింకు పట్టుకుని నిలబడ్డాడు. నేను దీపం ఆర్పేసి వెళ్ళి పడుకున్నాను.

మర్నాడు ప్రిన్సిపాల్ బర్చ్ అట్టపెట్టె పట్టుకుని లైబ్రరీకి వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఆ ఊళ్ళో చెడ్డవాళ్ళ కంటే ఇలాంటివాళ్ళే నాకెక్కువ కోపం తెప్పించారు.

"నేనే తీసేవాణ్ణి, కానీ లైబ్రేరియన్ చేత్తో తియ్యాలట. నువ్వు తియ్యకపోతే నీ ఉద్యోగం పోతుంది. తియ్యించకపోతే నాది పోతుంది."

తీశాను. ప్రతులన్నీ తీసి పెట్టెలో వేశాను. పక్క పుస్తకాలు ఒరిగిపోకుండా మధ్యలో చెక్కముక్క నిలబెట్టాను. అల్మరాలో జానెడు ఖాళీ వచ్చింది.

"పక్కవి జరిపేసెయ్ వర్నెల్. ఖాళీ కనిపిస్తే పిల్లలు ఏముండేది ఇక్కడని అడుగుతారు," అన్నాడు బర్చ్.

"అడగనీ."

"ఎందుకమ్మా కోరి గొడవ?"

"నీ నియమం పుస్తకం తియ్యమంది, తీశాను. చోటు తియ్యమని ఎక్కడుందో చూపించు."

బర్చ్ పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే డార్లీన్ మా ఇంటికి పీచ్ పండ్ల తీపిరొట్టె పంపింది. మా ఊళ్ళో ఎవరింట్లోనైనా చావు జరిగితే అలా వంటకం పంపడం ఆనవాయితీ. పైన చిన్న చీటీ: హోజియా గారి ఆరోగ్యం కోసం ప్రార్థిస్తున్నాను. నాన్న ఆ చీటీ మడిచి నా చేతికిచ్చాడు.

"శవం లేకుండా వంటకం ఏమిటే? తిరిగి పట్టుకెళ్ళు. మా ఇంట్లో ఇంకా ఎవరూ పోలేదని చెప్పు," అన్నాడు.

నేను వెళ్ళి ఆ రొట్టె, రేకు కూడా విప్పకుండా, ఆవిడ గల్లా మీద పెట్టి ఆ మాటే చెప్పొచ్చాను. దానివల్ల ఏమీ ఒరగలేదు. ఒంటికి మాత్రం కాస్త హాయిగా ఉండింది.

అప్పటినుంచే ఇంట్లో ఆ నిషేధం, ఆ ఛైర్మన్ గారూ. ఆల్విన్ పొద్దున్నే కాఫీ పోసిస్తే, "కృతజ్ఞతలు ఛైర్మన్ గారూ." కుర్చీ జరిపితే, "శ్రమ తీసుకోకండి ఛైర్మన్ గారూ." కప్పు నిండి పొర్లి చెయ్యి కాలుతున్నా ఆ మాట అనడు. ఆల్విన్ బరువు తగ్గాడు. చర్చిలో కూడా జనం అతని పక్కన కాస్త ఎడంగా కూర్చుంటున్నారు. నేను చూసీ చూడనట్టున్నాను. నాకు తగ్గలేదు మరి.

మే నెలాఖరున ఒక ఆదివారం, చర్చినుంచి వచ్చి నాన్న కునుకు తీస్తున్నాడు. నేను ఆకుకూర కడుగుతున్నాను. ఆల్విన్ నాన్న మంచం పక్కనుండే ఆయన సొంత ప్రతి తెచ్చుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ పేజీ తెరిచి ఉంది. అక్షరాల మీద కన్నీళ్ళ మరకలు ఎండిపోయి ఉబ్బెత్తుగా ఉన్నాయి.

"నేను దీన్ని ఎప్పుడూ పూర్తిగా చదవలేదు నెల్."

"తెలుసు."

"ఆయన ఎక్కడ ఆగాడో... దాని తర్వాతి మాట..."

"తెలుసు ఆల్విన్."

"అప్పుడు అమ్మ నాతో అంది, చాలు." చదివి ఆగిపోయాడు. పుస్తకం దించి, "ఆ ఒక్క మాట నోటికి తెచ్చుకోలేకే ఆయన అక్కడ నిలబడ్డాడు. నేనేమో పైనుంచి అదే మాట ఆయన మీద పడేశాను," అన్నాడు.

కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. మిగతా పేజీ కూడా చదివాడు. మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. నాకు జాలి కలగలేదు. ఆ ఇంట్లో జాలి అప్పటికే కావలసినదానికంటే ఎక్కువ ఖర్చయింది. కొళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, "నాకు కాదు చెప్పాల్సింది. ఆయనకి చెప్పు," అన్నాను.

ఏం చెప్పాడో నేను వినలేదు. తలుపు వేసుకున్నారు. సాయంత్రం భోజనాల దగ్గర నాన్న మళ్ళీ, "ఛైర్మన్ గారూ, వచ్చే సభ ఎప్పుడు?" అన్నాడు. కాకపోతే ఈసారి నిజంగా అడిగాడు.

జూన్ సభలో మా పుస్తకం ఊసే లేదు. దాని సంగతి ముగిసిపోయిందని బోర్డు లెక్క. కానీ సభ చివర ఊళ్ళోవాళ్ళు ఎవరైనా, దేని గురించైనా మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. గుంటల రోడ్ల గురించీ, బస్సుల గురించీ ఇద్దరు మాట్లాడాక నాన్న లేచాడు. చేతిలో ఆయన సొంత ప్రతి. నేను మైకు దాకా నడిపించబోతే చెయ్యి విదిలించుకున్నాడు.

"మిస్టర్ పెట్వే," అన్నాడు ఆల్విన్. ఇంకేమీ అనలేదు. ఎన్ని నిమిషాలో చెప్పలేదు.

నాన్న మొదటినుంచీ మొదలుపెట్టాడు. బురద, మెడలోతు నీళ్ళు, గట్టు మీద దీపాలు, తెలిసిన గొంతు పాడే పాట. క్రితంసారి కంటే మెల్లగా చదివాడు. ప్రతి మాటకీ ఊపిరి తీసుకున్నాడు. ఆ చోటికి వచ్చేసరికి, మూడు నిమిషాలు అయ్యాయని చెప్పే ఎర్రదీపం బల్ల మీద వెలిగింది. నాన్న ఆగిపోయాడు. వేలు ఆ మాట మీదే ఉంది. పెదాలు కదులుతున్నాయి.

"టైం అయిపోయింది," అన్నాడు లాయరు పికెన్స్.

మాట ఆపించడానికి బల్ల మీద కొట్టే చెక్కసుత్తిని ఆల్విన్ తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"టైం అయింది ఆల్విన్. మైకు ఆన్‌లో ఉంది."

"ఉండనీ."

డార్లీన్ లేచింది. "ఇది అన్యాయం. అందరికీ మూడు నిమిషాలే..." ఆల్విన్ ఆవిడ వైపు చూడలేదు. నాన్ననే చూస్తున్నాడు. మొహం తడిసిపోతోంది, తుడుచుకోలేదు. నోరు బిగబట్టి కూర్చున్నాడు. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. ఎంతసేపో నాకు తెలియదు. మా పేట వాళ్ళలో ఒకావిడ లేచి నిలబడింది. తర్వాత ఇంకొకరు. చప్పుడు లేకుండా మా వైపు అందరూ లేచి నిలబడ్డారు, చర్చిలో వాక్యం చదివేటప్పుడు నిలబడ్డట్టు.

"అప్పుడు అమ్మ నాతో అంది, చాలు," అన్నాడు నాన్న.

మాట వచ్చింది. ఆ తర్వాత ఆగలేదు.

"చాలు పర్లీ, చెయ్యి తియ్యి, అంది. తీశాను. వాడు ఏడవలేదు. తెల్లారేదాకా చూశాం. ఏడవలేదు. ఆ బురద గట్టునే పూడ్చిపెట్టి వచ్చాం. వాడి పేరు హోజియా. నాకు పెళ్ళయి కొడుకు పుడితే వాడికి ఆ పేరే పెట్టుకున్నాను. పుడుతూనే ఏడ్చాడు. ఎవరు ఊరుకోబెట్టబోయినా వద్దన్నాను. ఏడవనివ్వండి వాణ్ణి, అన్నాను. ఎంతసేపు ఏడిస్తే అంతసేపు ఏడవనివ్వండి."

పేజీ అయిపోయింది. నాన్న పుస్తకం మూసి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. బల్ల వైపు చూశాడు.

"ఇప్పుడు చాలురా ఆల్విన్," అన్నాడు.

వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆ పూట ఇంట్లో రెండు గరిటెలు వడ్డించగానే చెయ్యి అడ్డం పెట్టి, "చాలే, చాలు," అన్నాడు. ఆల్విన్ లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. చాలాసేపు రాలేదు.

మంచి ముగింపు కోరేవాళ్ళు ఇక్కడ ఆపేయొచ్చు. నేను ఆపలేను. పుస్తకం తిరిగి రాలేదు. ఆగస్టు ఎన్నికల్లో ఆల్విన్ ఓడిపోయాడు. సభా నియమాలు పాటించలేని మనిషని కరపత్రాలు పంచారు. ఆ కుర్చీలో ఇప్పుడు డార్లీన్ స్టబ్స్ కూర్చుంటోంది. నాకు ఎదురైతే పలకరిస్తుంది కూడా, మీ నాన్నగారు ఎలా ఉన్నారమ్మా అని. నాన్నకి చాలింది. అది ఆయన కష్టపడి సంపాదించుకున్న మాట, ఆయనది ఆయనకే. నాకు చాలలేదు.

అల్మరాలో ఆ జానెడు ఖాళీ ఇప్పటికీ అలాగే ఉంది. బర్చ్ అనుకున్నట్టే పిల్లలు అందులో చెయ్యి పెట్టి చూస్తారు. "ఇక్కడ ఏముండేదండీ?" అని అడుగుతారు. పుస్తకం ఇవ్వడానికి లేదు. నోటితో చెప్పకూడదని మాత్రం ఇంతవరకూ ఎవరూ రాయలేదు. చేస్తున్న పని పక్కన పెట్టి, అడిగిన పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, బురద దగ్గర మొదలుపెడతాను. ఎవరొచ్చినా, గంట కొట్టినా, చివరిదాకా చెబుతాను.